కారు ఆయిల్ నేనే మార్చుకోవడం మొదలుపెట్టాక

మేముండేది డాలస్ శివారులో. కారు 2019 మోడల్ హోండా సీఆర్-వీ, ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజిన్. కొన్న కొత్తలో దాని ఆయిల్ సంగతి పూర్తిగా డీలరుకే వదిలేశాను. డ్యాష్‌బోర్డు మీద పానా గుర్తు వెలగగానే ఫోన్ చేసి సమయం తీసుకోవడం, శనివారం పొద్దున్నే వెళ్లి కూర్చోవడం, బిల్లు కట్టి రావడం, అంతే. ఇప్పుడు ఆ పని మా గ్యారేజీలో నేనే చేసుకుంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఇది మనవల్ల అయ్యే పని కాదనుకుంటారు, లేదా వారంటీ పోతుందని భయపడతారు. రెండూ నిజం కావు. అలాగని డీలరు అవసరమే లేదన్న మాట కూడా నిజం కాదు. నేను చేసి చూసిన పనిని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

డీలరు దగ్గర సర్వీసు బాగుండదని నేను అనను. కూర్చోవడానికి చల్లటి హాలు, కాఫీ, వైఫై అన్నీ ఉంటాయి. ఆయిల్ మార్చడంతోపాటు ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకు మారుస్తారు. బ్రేకు ప్యాడ్ల మందం కొలుస్తారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులున్న తనిఖీ కాగితం చేతికిస్తారు. ఆ కాగితం నిజంగా పనికొచ్చేదే. నాకు నచ్చనిది ఆ కాగితం పట్టుకుని మొదలయ్యే బేరం. క్యాబిన్ ఫిల్టరు మురికిగా ఉంది, ఇంజెక్టర్లు శుభ్రం చేయిస్తే మంచిది, బ్రేకు ఆయిల్ రంగు మారింది అంటూ ఒక్కొక్కటే వస్తాయి. క్యాబిన్ ఫిల్టరుకు వాళ్లు అడిగిన మొత్తంలో మూడో వంతుకే అది బయట దొరుకుతుంది. గ్లవ్ బాక్సు కిందికి దించితే చాలు, పనిముట్లు కూడా అక్కర్లేకుండా మార్చేయవచ్చు. ఒక్క ఆయిల్ మార్పు మీద డీలరుకు మిగిలేది తక్కువ. కారు లోపలికి వచ్చాక అమ్మే మిగతా పనుల మీదే అసలు ఆదాయం. సర్వీసు అడ్వైజర్లలో చాలామందికి ఆ పనుల మీద కమిషన్ ఉంటుంది. అందుకని వాళ్లను తప్పుపట్టడం లేదు, అది వాళ్ల ఉద్యోగం. కానీ ఏది అవసరం, ఏది అనవసరం అని తేల్చుకోవాల్సింది మనమే. అందుకు కారు గురించి మనకు కొంతైనా తెలిసి ఉండాలి.

నన్ను కదిలించింది మా నాన్న అడిగిన ప్రశ్న. తెనాలి దగ్గర పల్లెలో మా వ్యవసాయం. ట్రాక్టరు ఆయిల్ నాన్న ఎప్పుడూ సొంతంగానే మార్చుకునేవారు. గంటల మీటరు చూసి, ఆ అంకెను కొట్టం గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టేవారు. ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ కడ్డీ లాగి చూడకుండా పొద్దున బండి స్టార్టు చేసినట్టు నాకు గుర్తులేదు. కారు సర్వీసుకు ఇచ్చానని ఫోన్లో చెబితే, "ఏ ఆయిల్ పోశారురా?" అని అడిగారు. బిల్లు తీసి చూశాను. సింథటిక్ ఆయిల్ అని, దాని గ్రేడు అని ఉన్నాయి. ఏ కంపెనీదో, ఎన్ని లీటర్లు పోశారో లేదు. డీలర్లు పెద్ద ట్యాంకుల్లో తెప్పించుకుని గొట్టం ద్వారా పోస్తారు. అది నాసిరకం అని కాదు, కంపెనీ కోరిన ప్రమాణానికి తగ్గ ఆయిలే అయి ఉంటుంది. అయినా ఇంత డబ్బు పోసి కొన్న ఇంజిన్‌లోకి ఏం వెళుతోందో నాన్నకు చెప్పలేకపోవడం నాకు నచ్చలేదు. నేనే చేసుకుందామని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను.

ముందు వారంటీ సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. హోండా కొత్త కారుకు మూడేళ్లు లేదా 36,000 మైళ్ల సాధారణ వారంటీ, ఇంజిన్, గేర్‌బాక్సులకు అయిదేళ్లు లేదా 60,000 మైళ్ల వారంటీ ఇస్తుంది. ఆయిల్ బయట మార్పిస్తే ఇవి రద్దవుతాయని మా స్నేహితుల్లో గట్టి నమ్మకం. అమెరికాలో 1975 నుంచి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. ఫలానా చోటే సర్వీసు చేయించాలి, ఫలానా బ్రాండు విడిభాగమే వాడాలి అని వారంటీకి షరతు పెట్టడాన్ని, ఆ సేవను ఉచితంగా ఇస్తే తప్ప, ఆ చట్టం ఒప్పుకోదు. ఇంజిన్ పాడైతే, మనం వాడిన ఆయిల్ వల్లో మనం చేసిన పని వల్లో పాడైందని కంపెనీ చూపించగలగాలి. అయితే మనవైపు బాధ్యత ఒకటుంది. వేళకు సరైన ఆయిల్ పోశామని రుజువు చూపగలగాలి. అందుకే ఆయిల్, ఫిల్టరు కొన్న రసీదులు దాచుతాను. మార్చిన రోజు మీటరును, ఆయిల్ డబ్బా మీది అక్షరాలను ఫొటో తీసి, తేదీ, మైళ్లు ఒక పుస్తకంలో రాస్తాను. రసీదు సిరా ఏడాదిలో వెలిసిపోతుంది కాబట్టి దానికీ ఫొటో తీస్తాను. ఈ పుస్తకం రాసే ఓపిక లేనివాళ్లు వారంటీ అయ్యేదాకా డీలరు దగ్గరే చేయించుకోవడం మేలు. మీ కారుకు కంపెనీయే మొదటి సర్వీసులు ఉచితంగా ఇస్తుంటే అవి వదులుకోవడంలో అర్థం లేదు.

స్థలం మరో సమస్య. అపార్టుమెంట్లలో పార్కింగ్ దగ్గర బండి పనులు చేయకూడదని అద్దె ఒప్పందంలోనే రాసి ఉంటుంది. మేం సొంత ఇంట్లోకి మారాకే ఇది వీలైంది. ఇళ్ల సంఘాల నియమాల్లో కూడా ఇంటి ముందు మరమ్మతులు చేయవద్దని ఉండే అవకాశం ఎక్కువ, ఒకసారి చదువుకోండి. గ్యారేజీ లోపల, నేల సమతలంగా ఉన్నచోట, తలుపు తెరిచిపెట్టుకుని చేస్తాను.

ఆయిల్ ఎంపిక గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అపోహలన్నీ ఇక్కడే ఉన్నాయి. నా కారుకు కావాల్సింది 0డబ్ల్యూ-20. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది, అది ఎంత తక్కువైతే చలి ఉదయాన ఆయిల్ అంత త్వరగా ఇంజిన్ పైభాగానికి చేరుతుంది. వెనక ఉన్న అంకె వంద డిగ్రీల సెల్సియస్ వేడిలో దాని చిక్కదనానికి గుర్తు. టెక్సాస్ ఎండలకు చిక్కటి ఆయిల్ పోయాలి అని చాలామంది సలహా ఇస్తారు. బయట ఎండ ఎంత ఉన్నా, వేడెక్కిన ఇంజిన్‌లో నీటి ఉష్ణోగ్రతను థర్మోస్టాట్ దాదాపు ఒకే స్థాయిలో ఉంచుతుంది. లోపలి భాగాల మధ్య సందులు, ఆయిల్ పంపు, కవాటాల సమయాన్ని మార్చే యంత్రాంగం అన్నీ ఆ పలచటి ఆయిల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉందో అదే పోయండి. మెకానిక్ చెప్పాడనో బావమరిది చెప్పాడనో మార్చకండి.

గ్రేడు ఒక్కటే చాలదు. డబ్బా వెనక గుండ్రటి ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ముద్ర ఉంటుంది, అందులో ఎస్‌పీ అన్న అక్షరాలు చూస్తాను. ముందు వైపు నక్షత్రం ఆకారంలో ఇంకో ముద్ర ఉంటుంది. 2020లో వచ్చిన ఎస్‌పీ ప్రమాణం నాలాంటి చిన్న టర్బో ఇంజిన్లకు ముఖ్యం. తక్కువ వేగంలో గట్టిగా తొక్కినప్పుడు, స్పార్కు రాకముందే ఇంధనం అంటుకుని పిస్టన్లను దెబ్బతీసే ప్రమాదం ఈ ఇంజిన్లలో ఉంటుంది. ఆయిల్ దాన్ని అరికడుతుందో లేదో చూసే పరీక్ష ఆ ప్రమాణంలో భాగం. ఈ ముద్రలున్న ఏ పేరున్న కంపెనీ ఆయిల్ అయినా ఫరవాలేదు. దుకాణం సొంత బ్రాండు అయినా సరే. డబ్బా మీద రాసిన గొప్పల కంటే ఈ రెండు ముద్రలే నమ్మదగినవి.

అయిదు క్వార్టుల డబ్బా పాతిక, ముప్పై డాలర్ల మధ్య దొరుకుతుంది. ఫిల్టరుతో కలిపి మారిస్తే నా ఇంజిన్‌కు 3.7 క్వార్టులు పడుతుంది, అంటే మూడున్నర లీటర్లు. ఫిల్టరు మాత్రం డీలరు విడిభాగాల కౌంటర్ దగ్గరే కొంటాను. హోండా ఫిల్టరు, పాత ఆయిల్ కిందికి వదలడానికి విప్పే డ్రెయిన్ బోల్టుకు వేసే అల్యూమినియం వాషరు అక్కడ కలిపి తీసుకుంటే సరిపోతుంది. పనిముట్లలో 17 మిల్లీమీటర్ల సాకెట్, పొడవైన పిడి ఉన్న రెంచి, ఫిల్టరు విప్పే టోపీ, ఎంత బలంగా బిగించామో చూపే టార్క్ రెంచి, డ్రెయిన్ పాన్, గరాటు, నైట్రైల్ తొడుగులు, చక్రాలు ఎక్కించే రెండు ర్యాంపులు కావాలి. ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటాయి. టార్క్ రెంచి దండగ అని అనేవాళ్లున్నారు. నా లెక్కలో ఈ జాబితాలో తప్పనిసరి వస్తువు అదే, కారణం కింద వస్తుంది.

కారు కిందికి వెళ్లే విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. జాకీ బండిని లేపడానికే, మోయడానికి కాదు. కారుతో వచ్చిన జాకీ మీద బండిని నిలబెట్టి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. లేపిన బండిని మోసే జాక్ స్టాండ్లు పెట్టినా వాటిని గుడ్డిగా నమ్మకూడదు. 2020లో అమెరికాలో బాగా అమ్ముడైన ఒక రకం జాక్ స్టాండ్లు బరువు కింద జారిపోతున్నాయని పెద్ద సంఖ్యలో వెనక్కి పిలిపించారు. అందుకే నేను ర్యాంపులు ఎంచుకున్నాను. ముందు చక్రాలను నెమ్మదిగా వాటి మీదికి ఎక్కించి, పార్కింగ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెడతాను. ఎక్కించేటప్పుడు మా ఆవిడ పక్కన నిలబడి చక్రం ర్యాంపు మధ్యలో ఉందో లేదో చూస్తుంది. ఆ తర్వాత కారును చేతులతో గట్టిగా ఊపి చూస్తాను. కదలకపోతేనే కిందికి వెళతాను. సీఆర్-వీ నేల నుంచి దాదాపు ఎనిమిది అంగుళాల ఎత్తులో ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్లు లేపకుండానే చేయి పెట్టగలరు, కానీ ర్యాంపు మీద ఉంటే కళ్లతో చూస్తూ చేయవచ్చు.

ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి. పూర్తిగా చల్లారితే ఆయిల్ చిక్కబడి నెమ్మదిగా కారుతుంది, బాగా వేడిగా ఉంటే చేయి కాలుతుంది. వీధి చివరిదాకా వెళ్లివచ్చి, కొంతసేపు ఆపితే చాలు. పైన ఆయిల్ పోసే మూత తీసి పెట్టి, కింద డ్రెయిన్ పాన్ సర్దుకుని బోల్టు విప్పుతాను. వెల్లకిలా పడుకుని చూసేటప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపిస్తుంది. బోల్టు తలను ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని అపసవ్య దిశలో తిప్పితే విడివడుతుంది.

మొదటిసారి ఆ బోల్టు మామూలు రెంచికి కదల్లేదు. పొడవైన పిడి తగిలించి రెండు చేతులతో లాగితేనే టక్కున వదిలింది. బయటికి తీసి చూస్తే దాని వాషరు రెండు మూడుసార్లు నలిగి పలచబడి ఉంది. హోండా ఈ వాషరును ప్రతిసారీ మార్చమంటుంది. అది మెత్తటి అల్యూమినియం, ఒకసారి బిగిస్తే నలిగి సందును మూస్తుంది, మళ్లీ అదే వాడితే మూయడానికి మరింత బలం వేయాల్సి వస్తుంది. ఆయిల్ పాన్ కూడా అల్యూమినియందే. బోల్టు ఉక్కు. ఉక్కు బోల్టును అవసరానికి మించి బిగిస్తే అరిగేది పాన్‌లోని మరలే. అలా మరలు పోతే పాన్ మార్చాలి లేదా కొత్త మరలు చెక్కించాలి, వందల డాలర్ల పని. ఒక్క డాలరు కూడా లేని వాషరును మార్చకుండా, బలమంతా పెట్టి బిగించి పంపినందుకు ఆ సర్వీసు కేంద్రం మీద నాకు నిజంగా కోపం వచ్చింది. అక్కడ పనిచేసే కుర్రాళ్లకు గంటల లెక్కన కాకుండా పని లెక్కన జీతం వస్తుంది, వేగంగా ముగించాలి, అది నాకు తెలుసు. కానీ నా కారుకు ఆ తొందర లేదు. బోల్టును చేత్తో మూడు నాలుగు మరలు సాఫీగా ఎక్కించి, తర్వాత టార్క్ రెంచితో 40 న్యూటన్ మీటర్ల దగ్గర టిక్కుమనగానే ఆపేస్తాను. ఫుట్-పౌండ్ల లెక్కలో అది 30. మొదటిసారి ఆ టిక్కు విన్నప్పుడు, ఇంత తక్కువ బిగింపు చాలా అనిపించింది. చాలు. అప్పటి నుంచి ఒక్క చుక్క కారలేదు.

ఆయిల్ ధార సన్నబడి చుక్కలుగా మారేవరకు కదిలించను. ఈలోగా ఫిల్టరు విప్పుతాను. పాత ఫిల్టరు రబ్బరు వలయం ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని మిగిలిపోతుంది. దాన్ని గమనించకుండా కొత్త ఫిల్టరు ఎక్కిస్తే రెండు వలయాలు ఒకదాని మీద ఒకటి పడి, ఇంజిన్ స్టార్టు చేయగానే ఒత్తిడికి జారిపోయి ఆయిలంతా నిమిషాల్లో బయటికి చిమ్ముతుంది. కాబట్టి విప్పిన ఫిల్టరును తిరగేసి వలయం దాని మీదే ఉందని చూడాలి, ఇంజిన్ మీద ఆ చోటును గుడ్డతో తుడిచి వేలితో తడమాలి. కొత్త వలయానికి తాజా ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, వలయం తగిలాక ఇంకో ముప్పావు చుట్టు బిగిస్తాను. ఫిల్టరు బిగించడానికి రెంచి అక్కర్లేదు, విప్పడానికే కావాలి.

పైనుంచి మూడున్నర క్వార్టులు పోసి ఆపుతాను. మూత పెట్టి, అర నిమిషం ఇంజిన్ నడిపి, ఆయిల్ ఒత్తిడి హెచ్చరిక దీపం ఆరిందో లేదో చూస్తాను. టార్చి వేసి కింద బోల్టు దగ్గర, ఫిల్టరు దగ్గర తడి ఉందేమో పరిశీలిస్తాను. ర్యాంపుల మీంచి దింపి, సమతలంలో ఆపి, కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూసి మిగతాది కొద్దికొద్దిగా పోస్తాను. పై గీత దాటకూడదు. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకోవడం పొరపాటు. ఎక్కువైతే తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగను పంపు సరిగా తోడలేదు.

చివరగా డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైఫ్‌ను వంద శాతానికి తిరిగి పెట్టాలి. హోండాలో మెయింటెనెన్స్ మైండర్ అనే వ్యవస్థ ఇది. లోపల ఆయిల్‌ను పరీక్షించే పరికరం ఏదో ఉందని చాలామంది అనుకుంటారు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో నడిచింది, ప్రయాణాలు ఎంత చిన్నవి వంటి వివరాల నుంచి కంప్యూటరు కట్టే లెక్క అది. మనం కొత్త ఆయిల్ పోశామో లేదో దానికి తెలియదు. నంబరు తిరిగి పెట్టకపోతే పాత లెక్కే కొనసాగుతుంది. 15 శాతం దగ్గర అది గుర్తుచేస్తుంది. మైళ్లు ఎంత తక్కువైనా ఏడాదికి ఒకసారి మార్చాలని కూడా మాన్యువల్‌లో ఉంది. పిల్లల బడికి, కూరగాయల దుకాణానికి తప్ప కదలని కార్లకు ఈ ఏడాది నియమమే ముఖ్యం. చిన్న ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లోకి చేరిన పెట్రోలు, తేమ ఆవిరై పోవు. బండి తిరగలేదు కదా, ఆయిల్ ఎందుకు మార్చాలి అనే వాదన ఇందుకే నిలవదు. ఆయిల్ నల్లబడిందని కంగారు పడాల్సిన పని కూడా లేదు. మసిని పట్టి ఉంచడం దానిలోని రసాయనాల పని, నలుపు ఆ పని జరుగుతోందనడానికి గుర్తు.

వాడిన ఆయిల్ ఏం చేయాలన్నది ఈ పనిలో అన్నిటికంటే బాధ్యతతో కూడిన భాగం. ఒక్క కారు ఆయిల్ మార్పులో వచ్చే వాడిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. అంటే ముప్పై ఎనిమిది లక్షల లీటర్ల నీరు. వాన నీటి కాలువలో పోసినా, మట్టిలో పోసినా, సంచిలో కట్టి చెత్తబుట్టలో వేసినా అది చివరికి నీళ్లలోకే చేరుతుంది. వాడిన ఆయిల్‌లో ఇంజిన్ నుంచి అరిగిన లోహాలు, మండగా మిగిలిన హానికర పదార్థాలు ఉంటాయి. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దనేది కూడా అందుకే. నేను దాన్ని ఖాళీ అయిన అదే డబ్బాలో పోసి, మూత బిగించి, కారు విడిభాగాలు అమ్మే ఆటోజోన్ దుకాణానికి తీసుకెళతాను. చాలా ఊళ్లలో ఈ దుకాణాలు, ఓరైలీ దుకాణాలు వాడిన ఆయిల్‌ను ఉచితంగా తీసుకుంటాయి. కాలిఫోర్నియాలో గుర్తింపు పొందిన కేంద్రాలు గాలన్‌కు 40 సెంట్లు తిరిగి ఇస్తాయి కూడా. దానిలో కూలెంట్ కానీ బ్రేకు ఆయిల్ కానీ కలపకూడదు. కలిస్తే శుద్ధి చేయడానికి పనికిరాదు, దుకాణం తీసుకోదు. పాత ఫిల్టరును రాత్రంతా పాన్‌లో తలకిందులుగా ఉంచి ఆయిల్ కారనిచ్చి దాన్నీ ఇస్తాను. ఈ ఒక్క పని చేయడానికి బద్ధకించేవాళ్లు దయచేసి ఇంట్లో ఆయిల్ మార్చుకోవద్దు, డీలరు దగ్గరికే వెళ్లండి.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. డీలరు దగ్గర దాదాపు తొంభై డాలర్లు అయ్యేది, ఇప్పుడు నలభై లోపు అవుతోంది. ఏడాదికి రెండుసార్లు మారిస్తే వంద డాలర్లు మిగులుతాయి. మొదట్లో ఆ మిగులంతా పనిముట్లకే పోతుంది. డాలస్‌లో మంచి ఉద్యోగం చేసేవాళ్లకు ఇది గొప్ప మొత్తమేమీ కాదు. రెండు కార్లుండి, రోజూ దూరం తిరిగే కుటుంబానికి మాత్రం లెక్క మారుతుంది. సమయం విషయంలో, ర్యాంపు ఎక్కించడం నుంచి చేతులు కడుక్కోవడం దాకా నాకు గంట పడుతుంది. డీలరు దగ్గర వెళ్లిరావడం, కూర్చోవడం కలిపితే దాదాపు సగం రోజు.

అసలు లాభం వేరే ఉంది. కారు కింద ఆ గంట గడిపినప్పుడు దాన్ని కళ్లారా చూస్తాను. ముందు చక్రాల యాక్సిల్ మీది రబ్బరు తొడుగు పగిలి గ్రీజు చిమ్ముతోందా, టైరు లోపలి అంచు ఎక్కువ అరిగిందా, రేడియేటరు కింద తడి ఉందా అని చూసుకుంటాను. ఒకసారి టైరు లోపలి వైపు దిగిన మేకు ఇలాగే కంటబడింది, గాలి ఇంకా పోవడం మొదలవలేదు. కింద పడుకుని చూడకపోతే అది హైవే మీద తెలిసేది. డిప్‌స్టిక్‌ను ఇప్పుడు నెలనెలా చూస్తున్నాను. ఇంజిన్ ఎంత ఆయిల్ తాగుతోందో, వాసనలో పెట్రోలు ఎక్కువగా ఉందో లేదో నాకు తెలుసు. నేరుగా ఇంధనం చిమ్మే టర్బో ఇంజిన్లలో చలికాలంలో ఆయిల్‌లోకి పెట్రోలు చేరే అవకాశం ఉంది కాబట్టి ఇది ఉత్తి ముచ్చట కాదు. అడ్వైజర్ ఏదైనా పని చేయించమంటే, అవునో కాదో చెప్పగలిగే స్థితిలో ఉన్నాను.

ఇదంతా ఫోన్లో చెబుతుంటే తెనాలిలో మా తమ్ముడు, "అన్నయ్యా, నా బైకుకు నేనూ మార్చుకోనా?" అని అడిగాడు. బైకుకు ఇంకా తేలిక, లేపాల్సిన పనే లేదు. కానీ ఒక తేడా ముందే చెప్పాను. కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్‌కే పరిమితం. చాలా బైకుల్లో అదే ఆయిల్ గేర్‌బాక్సుకు, క్లచ్చుకు కూడా పనిచేస్తుంది. క్లచ్చు ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలుంటే ఆ ప్లేట్లు జారతాయి. అందుకని డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నదే తీసుకోవాలి. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్చు పొడిగా ఉంటుంది కాబట్టి వాటికి ఎంబీ రకం వాడతారు. మా మరదలి స్కూటరుకు, తమ్ముడి బైకుకు ఒకే డబ్బా తెచ్చి పోయవద్దని ప్రత్యేకంగా చెప్పాను.

అక్కడి సమస్య వాడిన ఆయిల్‌ను తిరిగి ఇచ్చే చోటు. ఇక్కడిలా వీధి చివరి దుకాణంలో ఇచ్చి రావడం కుదరదు. వాడిన ఆయిల్‌ను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ఉత్పత్తిదారుల మీద పెడుతూ భారత ప్రభుత్వం నియమాలు తెచ్చింది, అది ఇళ్ల దాకా చేరాలి. అప్పటిదాకా తమ్ముడికి నేనిచ్చిన సలహా వేరు. నమ్మకమైన మెకానిక్ దగ్గరికే వెళ్లు, ఆయిల్ డబ్బా మాత్రం నువ్వే కొని తీసుకెళ్లు, సీలు నీ ముందే తీయించు, పాత ఆయిల్ పూర్తిగా కారేదాకా పక్కనే ఉండు, ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లు పొడిచి వదిలిపెట్టు. ఆ ఖాళీ డబ్బాల్లోనే నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్ముతారు. కారు కొన్నాక షోరూము తప్ప దిక్కులేదా అని కూడా అడిగాడు. ఈ వాదన మన దేశంలో చట్టం దాకా వెళ్లిందే. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు ఆ తీర్పు మీద అప్పీళ్లకు వెళ్లాయి. ఆ ఉత్తర్వు మొత్తానికి మంచి పనే చేసిందని నేననుకుంటాను. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లే హక్కు గురించి కారు కొనే మామూలు మనిషి మాట్లాడగలిగాడు.

నేనింకా డీలరు దగ్గరికి వెళుతూనే ఉన్నాను. కంపెనీ లోపం సరిదిద్దే రీకాల్ పనులు అక్కడ ఉచితం, వాటిని వాయిదా వేయకూడదు. కారు గుర్తింపు సంఖ్య అయిన వీఐఎన్ నంబరును అమెరికా రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొడితే పెండింగ్‌లో ఉన్నవి తెలుస్తాయి. సాఫ్ట్‌వేర్ మార్పులు కూడా వాళ్లే చేయాలి. మూడేళ్లకోసారి బ్రేకు ఆయిల్ మార్చడం, మైండర్‌లో 3 అంకె కనిపించినప్పుడు సీవీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ మార్చడం వాళ్లకే ఇస్తాను. గేర్‌బాక్సుకు వాడే హెచ్‌సీఎఫ్-2 ఆయిల్ తెచ్చి పోయడం కష్టమేమీ కాదు. కానీ తేడా వస్తే మార్చాల్సింది వేల డాలర్ల గేర్‌బాక్సు, అక్కడ నా ధైర్యానికి హద్దు పెట్టుకున్నాను. కిందటిసారి ఆ పనికి వెళ్లినప్పుడు ఆయిల్ కూడా మార్చేయమంటారా అని అడ్వైజర్ అడిగాడు. నేనే మార్చుకుంటానని, బోల్టు ముట్టుకోవద్దని చెప్పాను. నా పుస్తకంలోని చివరి పేజీ చూపిస్తే మైళ్ల అంకె చూసి తల ఊపి, జాబ్ కార్డు మీద 'ఆయిల్ యజమాని మార్చుకుంటారు' అని రాసుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. బ్రేకు ప్యాడ్ల కొలతలు మాత్రం అడిగి రాయించుకుని వచ్చాను.